పోలీసుల పనితీరు చూడటానికి ఓటేసి మనిషిని ఎన్నుకోవడం: బ్రిటన్‌లో ఎత్తేస్తున్నారు, మనకు పనికొస్తుందా?

పల్నాటి బిడ్డ:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్, వేల్స్‌లో ఉండే మనవాళ్లు కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) బిల్లులో 'పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్' అనే లైను చూసే ఉంటారు. ఆ పదవిని 2028 మేలో ఎత్తేస్తామని ప్రభుత్వం 2025 నవంబర్‌లో ప్రకటించింది. దాని గురించి ఇక్కడ మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. మన దగ్గర కమిషనర్ అంటే ఐపీఎస్ ఆఫీసర్. ఇక్కడి కమిషనర్ ఒంటి మీద యూనిఫాం ఉండదు, లాఠీ ఉండదు. జనం ఓటేస్తే గెలిచిన మనిషి. చీఫ్ కానిస్టేబుల్‌ని, అంటే ఆ ప్రాంత పోలీసుల పెద్దని, నియమించేది, తీసేసేది ఆయనే. బడ్జెట్ ఆయన చేతిలోనే ఉంటుంది. పోలీసుల కోసం ఇక్కడి జనం నుంచి ఎంత పన్ను వసూలు చేయాలో ఆయనే చెబుతాడు. ఏ నేరాల మీద ఎక్కువ దృష్టి పెట్టాలో ప్లాన్ రాస్తాడు. ఫలానావాణ్ణి అరెస్ట్ చేయండి, ఫలానా కేసు వదిలేయండి అని మాత్రం చెప్పకూడదు. ఆ గీత చట్టంలోనే ఉంది. 2012లో లండన్ కాకుండా 41 పోలీసు ప్రాంతాలకు ఇలా ఎన్నికలు పెట్టారు.

నాకు ఇందులో ఆసక్తి ఎందుకంటే, మా ఇంట్లో దొంగలు పడి మా ఆవిడ బంగారం మొత్తం ఎత్తుకెళ్లారు. మన ఆసియా కుటుంబాల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకు బాగా తెలుసు, అందుకే దీపావళి వస్తుందంటే పోలీసులే హెచ్చరికలు ఇస్తుంటారు. మాకు ఒక క్రైమ్ నంబర్ ఇచ్చారు, కొన్నాళ్లకు ఆధారాలు లేవంటూ కేసు మూసేశామని మెయిల్ పెట్టారు. ఇంటికి వచ్చి చూసినవాళ్లు లేరు. నేను కమిషనర్ ఆఫీసుకు రాశాను. మీ కేసులో మేం వేలు పెట్టలేం అన్నారు, అది న్యాయమే. కానీ ఇళ్లలో దొంగతనం జరిగితే మనిషిని పంపకుండా ఎన్ని కేసులు మూసేస్తున్నారని చీఫ్ కానిస్టేబుల్‌ని బహిరంగ సమావేశంలో అడిగారు. ఆ సమాధానం నేను ఆన్‌లైన్‌లో విన్నాను. బంగారం రాలేదు. అయినా ఆ ప్రశ్న నలుగురి ముందు అడగడానికి ఒక మనిషి ఉండటం నాకు చాలా పెద్ద విషయం అనిపించింది. ఇప్పుడు ఆ మనిషే ఉండడు.

మీరేమంటారు?

కార్డిఫ్ లక్ష్మి:
మీ బంగారం సంగతి వింటే బాధగా ఉంది అన్నగారూ. కానీ ఆ పదవి పోతోందని నాకైతే బాధ లేదు.

మొదటి ఎన్నిక 2012 నవంబర్ 15న జరిగింది. అప్పట్లో మేం న్యూపోర్ట్‌లో ఉండేవాళ్లం. నవంబర్‌లో ఇక్కడ నాలుగింటికల్లా చీకటి పడుతుంది. అభ్యర్థి ఎవరో చెప్పే కాగితం ఒక్కటీ ఇంటికి రాలేదు, ఎందుకంటే పార్లమెంటు ఎన్నికల్లోలా అభ్యర్థుల కరపత్రాలను పోస్టులో ఉచితంగా పంపడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. వెబ్‌సైట్‌లో చూసుకోండి అన్నారు. మా న్యూపోర్ట్‌లోనే బెటస్ అనే పేటలో ఒక పోలింగ్ కేంద్రంలో రోజంతా ఒక్క ఓటు కూడా పడలేదు. సిబ్బంది పొద్దున్నుంచి రాత్రిదాకా ఖాళీ డబ్బా ముందు కూర్చున్నారు. దేశం మొత్తం మీద పోలింగ్ సుమారు 15 శాతం.

2014లో వెస్ట్ మిడ్‌ల్యాండ్స్‌లో కమిషనర్ చనిపోతే ఉప ఎన్నిక పెట్టారు. బర్మింగ్‌హామ్, కోవెంట్రీ లాంటి నగరాలున్న ప్రాంతం అది. పది శాతం పైచిలుకు ఓట్లు పడ్డాయి, అంతే. 2016లో, 2021లో మిగతా స్థానిక ఎన్నికలతో కలిపి పెట్టారు కాబట్టి శాతం పెరిగింది. 2024లో మళ్లీ 23 దగ్గరకు పడిపోయింది. నూటికి డెబ్బై ఏడుగురు రాని ఎన్నికలో గెలిచి, 'జనం గొంతు నేనే' అని చీఫ్ కానిస్టేబుల్ ముందు ఎలా నిలబడతారు?

ఓరుగల్లు రాజు:
ఓటు శాతం తక్కువని పదవే తీసేస్తారా? మన దగ్గర నగరాల్లో మున్సిపల్ ఎన్నికలకు సగం మంది రారు, అలాగని కార్పొరేషన్లు మూసేస్తున్నామా?

మన సంగతి చూడండి. పల్లెల్లో ఎవరిని అడిగినా చెప్తారు, ఎస్సై పోస్టింగ్‌కి ఎమ్మెల్యే సిఫార్సు లెటర్ కావాలని. అంటే పోలీసుల మీద పెత్తనం ఇప్పటికే ఎన్నికైన మనిషి చేతిలో ఉంది. కాకపోతే అది ఏ చట్టంలోనూ లేదు, ఏ కాగితం మీదా కనిపించదు. కేసు తారుమారైతే ఎమ్మెల్యేని అడగలేం, 'నాకేం సంబంధం' అంటారు. ఎస్సైని అడిగితే 'పైనుంచి ఒత్తిడి' అంటారు. ఆ పెత్తనమేదో బాహాటంగా ఒక మనిషికి ఇచ్చి, నువ్వే జవాబుదారీ అంటే ఏం తప్పు? జిల్లాకు ఒకరిని ఎన్నుకుందాం. నేనైతే ఓటేస్తాను.

రిటైర్డ్ ఏఎస్సై, కృష్ణా జిల్లా:
రాజు గారూ, మీ ఆవేదన నాకు తెలుసు, నా సర్వీసంతా దాని మధ్యనే గడిచింది. కానీ మీరు చెప్పిన మందు జబ్బుని పెంచుతుంది.

జిల్లాకు ఒక ఎన్నికైన మనిషిని పెడితే ఎమ్మెల్యే పక్కకు తప్పుకుంటాడా? తప్పుకోడు. ఇప్పుడు ఒక లెటర్ కావాలి, అప్పుడు రెండు కావాలి. ఎన్నిక అంటే కులం లెక్కలు, డబ్బు పంపకం. కోట్లు పెట్టి గెలిచినవాడు ఆ డబ్బు ఎక్కడ రాబట్టుకుంటాడు? స్టేషన్లలోనే. మాట వినని ఎస్సైని వీఆర్‌కి పంపడం, అంటే పోస్టింగ్ లేకుండా కూర్చోబెట్టడం, ఎక్కడో ప్రాధాన్యం లేని లూప్‌లైన్‌లో పడేయడం ఇప్పటికే జరుగుతోంది. దానికి ఓట్ల ముద్ర కూడా వేద్దామా?

మనకు ఏం కావాలో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. ప్రకాశ్ సింగ్ అని, ఉత్తరప్రదేశ్ డీజీపీగా, బీఎస్‌ఎఫ్ అధిపతిగా చేసిన ఆయన 1996లో పిటిషన్ వేశారు. 2006 సెప్టెంబర్ 22న తీర్పు వచ్చింది. మొత్తం ఏడు ఆదేశాలు. డీజీపీకీ ఎస్పీకీ స్టేషన్ ఆఫీసర్‌కీ కనీసం రెండేళ్లు కదపకుండా ఉంచాలి. బదిలీలు చూడటానికి పోలీసు అధికారులతోనే బోర్డు ఉండాలి. రాష్ట్రానికి భద్రతా కమిషన్ పెట్టాలి, అందులో ప్రతిపక్ష నేత కూడా ఉండే నమూనా ఉంది. జిల్లా స్థాయిలో, రాష్ట్ర స్థాయిలో ఫిర్యాదుల అథారిటీ ఉండాలి. దర్యాప్తును, శాంతిభద్రతల్ని వేరు చేయాలి. ఇవి మనసు పెట్టి అమలు చేసిన రాష్ట్రం ఒక్కటి చూపించండి నాకు.

రెండేళ్లు కదపరని నమ్మకం ఉంటే ఎస్సై ఎవరి ఫోన్‌కీ భయపడడు. బందోబస్తు డ్యూటీ నుంచి వచ్చి రాత్రి పన్నెండింటికి కేస్ డైరీ రాసే మనిషికి దర్యాప్తు చేసే టైం ఇవ్వండి. అప్పుడే నేరాలు తగ్గుతాయి.

షెఫీల్డ్ నర్స్:
ఈ చర్చలో రోథర్‌హామ్ గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు వింతగా ఉంది. ఈ వ్యవస్థ అసలు లోపం బయటపడింది మా సౌత్ యార్క్‌షైర్‌లోనే.

2014 ఆగస్టులో ప్రొఫెసర్ అలెక్సిస్ జే నివేదిక వచ్చింది. 1997 నుంచి 2013 వరకు రోథర్‌హామ్‌లో సుమారు 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని, అది కూడా తక్కువలో తక్కువ అంచనా అని రాశారు. పిల్లలు వచ్చి చెప్పినా పోలీసులు నమ్మలేదు, కౌన్సిల్ పట్టించుకోలేదు. అప్పటికి మా కమిషనర్ షాన్ రైట్. ఆయన అంతకుముందు 2005 నుంచి 2010 దాకా అదే రోథర్‌హామ్ కౌన్సిల్‌లో పిల్లల సేవల బాధ్యత చూసిన కౌన్సిలర్. అంటే పిల్లల్ని కాపాడాల్సిన విభాగం చూసిన మనిషే, తర్వాత పోలీసుల్ని ప్రశ్నించే కుర్చీలో కూర్చున్నారు.

అందరూ దిగిపొమ్మన్నారు. హోం మంత్రి థెరెసా మే అడిగారు, సొంత పార్టీ లేబర్ అడిగింది. ఆయన పార్టీకి రాజీనామా చేశారు కానీ పదవి వదల్లేదు. అప్పుడు తెలిసింది, ఆయన్ని దించే దారి చట్టంలో ఎవరికీ లేదని. మంత్రికి లేదు, పార్లమెంటుకు లేదు, ఓటేసిన మాకూ లేదు. కౌన్సిలర్లతో ఒక పోలీస్ అండ్ క్రైమ్ ప్యానెల్ ఉంటుంది. వాళ్లకు పన్ను ప్రతిపాదననో, కొత్త చీఫ్ కానిస్టేబుల్ పేరునో మూడింట రెండొంతుల మందితో ఒకసారి తిప్పి పంపే హక్కు ఉంది. కమిషనర్‌ని తీసేసే హక్కు లేదు. విశ్వాసం లేదని వాళ్లు తీర్మానం చేసినా అది కాగితమే. ప్యానెల్ సమావేశానికి బాధితుల కుటుంబాలు వచ్చి అందరి ముందు ఆయన్ని నిలదీశాయి. చివరికి సెప్టెంబర్ మధ్యలో ఆయనే తప్పుకున్నారు. ఆ మూడు వారాలు ఆ అమ్మాయిల తల్లులకు ఎలా గడిచాయో ఆలోచించండి.

తర్వాత జరిగిన ఉప ఎన్నికలో మళ్లీ 15 శాతం లోపే పోలింగ్. అంత కోపం ఉన్న ఊళ్లలోనే జనం రాలేదు. ఎన్నిక అంటే నాలుగేళ్లకు ఒకరోజు మాత్రమేనని జనానికి అర్థమైపోయింది కాబట్టి రాలేదని నా అభిప్రాయం. పిలిచి పదవి ఇచ్చినప్పుడు, పిలిచి దించే హక్కు కూడా ఇవ్వాలి. 2015లో ఎంపీలను దించడానికి ఇక్కడ రీకాల్ చట్టం చేశారు. కమిషనర్లకు మాత్రం చేయలేదు.

కార్డిఫ్ లక్ష్మి:
అక్కా, చాలా బాగా చెప్పారు. దీనికి రెండో వైపు కూడా ఉంది. కమిషనర్‌ని ఎవరూ దించలేరు, కానీ కమిషనర్ చీఫ్ కానిస్టేబుల్‌ని సులువుగా దించగలడు.

2013లో న్యూపోర్ట్ ఉండే మా గ్వెంట్ పోలీసు ప్రాంతంలో కమిషనర్ ఇయాన్ జాన్‌స్టన్, చీఫ్ కానిస్టేబుల్ కార్మెల్ నేపియర్‌ని రిటైర్ అవుతారా, నన్ను తీసేయమంటారా అని అడిగారు. ఆవిడ రిటైరయ్యారు. అదే ఏడాది లింకన్‌షైర్‌లో కమిషనర్ తన చీఫ్ కానిస్టేబుల్‌ని సస్పెండ్ చేస్తే హైకోర్టు కొట్టేసింది, ఆ నిర్ణయంలో హేతువు లేదని గట్టిగానే అంది. ఇలాంటివి చూశాక మంచి అధికారులు పెద్ద పదవికి దరఖాస్తు పెట్టడానికి జంకుతారు కదా.

హన్మకొండ లా స్టూడెంట్:
నాకొక సందేహం. కమిషనర్లు వచ్చాక నేరాలు తగ్గాయా, లేదా? చివరికి చూడాల్సింది అదే కదా?

పల్నాటి బిడ్డ:
తమ్ముడూ, తగ్గాయి, కానీ అది వీళ్ల వల్లే అని ఎవరూ చెప్పలేరు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇళ్లను అడిగి చేసే క్రైమ్ సర్వే ప్రకారం దొంగతనాలు, దాడులు 1990ల మధ్య నుంచే తగ్గుతూ వస్తున్నాయి. కమిషనర్లు వచ్చింది 2012లో. పైగా 2010 తర్వాత పొదుపు పేరుతో సుమారు 20,000 పోలీసు ఉద్యోగాలు కోసేశారు, 2019 తర్వాత మళ్లీ 20,000 మందిని తీసుకున్నారు. ఆ నిర్ణయాలు లండన్‌లో జరిగాయి. జిల్లా కమిషనర్ చేతిలో ఉన్నది చిన్న పిడికెడు.

ఆ పిడికెడుతోనే మంచి పని చేసినవాళ్లూ ఉన్నారు, అది కూడా చెప్పాలి. డర్హమ్‌లో రాన్ హాగ్ అని కమిషనర్ ఉండేవారు, 2019లో చనిపోయారు. అక్కడి పోలీసులు 'చెక్‌పాయింట్' అని ఒక పథకం పెడితే ఆయన వెనక నిలబడ్డారు. చిన్న నేరం చేసినవాణ్ణి వెంటనే కోర్టుకు పంపకుండా, నాలుగు నెలల ఒప్పందం మీద సంతకం పెట్టించేవారు. మత్తు మానాలి, అప్పుల సంగతి తేల్చుకోవాలి, బాధితుడు ఒప్పుకుంటే ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. మాట తప్పితే కోర్టే. దొంగల మీద మెతకగా ఉన్నాడని ఓట్లు పోతాయనే భయం లేకుండా ఒక రాజకీయ నాయకుడు ఆ పని సమర్థించాడంటే నాకు గౌరవం. నేర బాధితులకు కౌన్సెలింగ్, గృహహింస బాధితులకు సాయం లాంటి వాటికి డబ్బు ఇచ్చేది కూడా కమిషనర్ ఆఫీసులే. ఈ పనులు 2028 తర్వాత ఎవరు చూస్తారో స్పష్టంగా చెప్పించుకోవాలి.

ఇంకో బాధ నాకు పార్టీల గురించి. మొదట్లో స్వతంత్రులు వస్తారు, మాజీ అధికారులు, సమాజ సేవకులు వస్తారు అన్నారు. 2012లో 41 మందిలో 12 మంది స్వతంత్రులే గెలిచారు. 2016లో ముగ్గురు. 2021లో ఒక్కరూ లేరు, 2024లోనూ లేరు. డిపాజిట్టే 5,000 పౌండ్లు. అన్ని లక్షల మంది ఓటర్లున్న ప్రాంతంలో ఒంటరి మనిషి ఎలా తిరుగుతాడు? పోలీసుల్ని చూసే పదవి చివరికి పార్టీ టికెట్ అయిపోయింది.

రిటైర్డ్ ఏఎస్సై, కృష్ణా జిల్లా:
> పోలీసుల్ని చూసే పదవి చివరికి పార్టీ టికెట్ అయిపోయింది.

నేను చెప్పింది ఇదే కదా బాబూ. అక్కడే అలా అయితే ఇక్కడ ఎంతసేపు?

నేపర్‌విల్ సుధ:
అమెరికా నుంచి నా రెండు మాటలు. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసు అధికారి అయిన షెరిఫ్‌నే ఎన్నుకుంటారు. బ్రిటన్‌లో పోలీసుల్ని చూసే మనిషిని ఎన్నుకుంటే, ఇక్కడ ఏకంగా పోలీసునే ఎన్నుకోవడం. ఏఎస్సై బాబాయ్ భయం ఇక్కడ కళ్లారా చూడొచ్చు. అరిజోనాలో మారికోపా కౌంటీకి జో అర్పాయో 1993 నుంచి 2016 చివరి దాకా షెరిఫ్. ఎండలో గుడారాల్లో ఖైదీల్ని ఉంచడం ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. రంగు చూసి లాటినోల బండ్లు ఆపుతున్నారని 2013లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఆ పని ఆపమంటే ఆపనందుకు 2017లో కోర్టు ధిక్కారం కింద దోషి అయ్యాడు, ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు. ఆ తీర్పులకు ముందు మాత్రం ఆరుసార్లు గెలిచాడు. మెజారిటీకి నచ్చితే చాలు, మైనారిటీ వీధిలో ఏం జరిగినా గెలవొచ్చు. బయటి రాష్ట్రాల నుంచి, బయటి దేశాల నుంచి వచ్చి బతికే మనలాంటివాళ్లం ఈ విషయం మర్చిపోకూడదు.

కానీ నాకు నచ్చిన పద్ధతి ఒకటి పక్కనే షికాగోలో ఉంది. 2021లో నగర కౌన్సిల్ ఒక ఆర్డినెన్సు (నగర చట్టం) చేసింది. నగరంలో 22 పోలీసు డిస్ట్రిక్టులున్నాయి, ఒక్కోదాని కౌన్సిల్‌కి ముగ్గురు చొప్పున 66 మందిని 2023 ఫిబ్రవరిలో ఎన్నుకున్నారు. వీళ్లకు ఎవరినీ తీసేసే అధికారం లేదు. నెలనెలా బహిరంగ సమావేశం పెట్టి, పేట వాళ్ల మాట విని, డిస్ట్రిక్టు పోలీసు కమాండర్‌తో మాట్లాడాలి. నగరమంతటికీ ఒక కమిషన్ ఉంటుంది, దాని సభ్యుల పేర్లు ఈ డిస్ట్రిక్టు కౌన్సిళ్ల నుంచే వస్తాయి. ఆ కమిషన్ 2023లో సూపరింటెండెంట్ (నగర పోలీసు అధిపతి) పదవికి మూడు పేర్లు ఇస్తే మేయర్ అందులోంచే ఒకరిని తీసుకున్నారు.

ఓటు సిటిజన్లకే. కానీ సమావేశానికి ఎవరైనా వెళ్లొచ్చు, మాట్లాడొచ్చు. మా స్నేహితురాలు హెచ్‌1 వీసా మీద ఉంది. రైలు స్టేషన్ దగ్గర లైట్లు లేక రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చేటప్పుడు భయమేస్తోందని అక్కడ లేచి చెప్పింది. లక్షల మందికి ఒక్కడిని ఎన్నుకోవడం కన్నా, మన స్టేషన్ పరిధికి ముగ్గురిని ఎన్నుకోవడం మేలు. కూరగాయల కొట్టు దగ్గర కూడా వాళ్లను పట్టుకుని అడగొచ్చు.

హన్మకొండ లా స్టూడెంట్:
సుధక్కా, ఇది మనకు దగ్గరగా ఉంది. రాజ్యాంగం సంగతి చెప్తాను. పోలీసు శాఖ రాష్ట్ర జాబితాలో రెండో అంశం. పంచాయతీలకు ఇవ్వదగ్గ 29 అంశాలు పదకొండో షెడ్యూల్లో, మున్సిపాలిటీలకు 18 అంశాలు పన్నెండో షెడ్యూల్లో ఉన్నాయి. ఆ రెండింట్లో ఎక్కడా పోలీసుల మాట లేదు. అంటే సర్పంచ్ వీధి దీపం గురించి మాట్లాడొచ్చు, ఆ దీపం కింద జరిగిన దొంగతనం గురించి ఎస్సైని అధికారికంగా ఒక్క ప్రశ్న అడగలేరు. అడగాలంటే మంచితనం మీదే.

2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్ మీద అఘాయిత్యం జరిగిన రాత్రి, కుటుంబం స్టేషన్‌కి వెళ్తే ఇది మా పరిధి కాదని తిప్పారన్న ఆరోపణ మీద ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు.  ఆ స్టేషన్లో నెలనెలా జనం ముందు కూర్చుని, 'పరిధి కాదని ఎంతమందిని వెనక్కి పంపారు, ఎందుకు పంపారు' అని అడిగేవాళ్లు ఎవరైనా ఉండి ఉంటే? ఏ స్టేషన్లోనైనా ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందేనని 2024 జులై నుంచి కొత్త చట్టంలో స్పష్టంగా పెట్టారు. అది అమలవుతోందో లేదో ఊళ్లో ఎవరు చూస్తారు?

ఓరుగల్లు రాజు:
తమ్ముడు చెప్పింది బాగుంది. నా ప్రతిపాదన మార్చుకుంటున్నా. జిల్లాకు ఒకరు వద్దు. స్టేషన్‌కి ముగ్గురు లేదా ఐదుగురు. అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, పార్టీ గుర్తు ఉండకూడదు. మన సర్పంచ్ ఎన్నికలకు కూడా చట్టప్రకారం పార్టీ గుర్తు లేదు.

రిటైర్డ్ ఏఎస్సై, కృష్ణా జిల్లా:
గుర్తు లేకపోయినా సర్పంచ్ ఏ పార్టీయో ఊరందరికీ తెలుసు. అయినా, బదిలీల మీద, కేసుల మీద హక్కు లేకుండా, అడిగే హక్కు మాత్రమే ఇస్తే నేను ఒప్పుకుంటాను. ఇంకో షరతు. ఆ సమావేశంలో ఎస్సై చెప్పుకునే మాట కూడా రాయాలి. స్టేషన్‌కి ఎంతమంది మంజూరు, ఎంతమంది ఉన్నారు, బండికి డీజిల్ ఎంత ఇస్తున్నారు. జనం ముందు ఆ లెక్క పెడితే సగం గొడవలు అక్కడే తేలిపోతాయి. పోలీసు శత్రువు కాదమ్మా, ఒంటరివాడు. సంక్రాంతి, దసరా ఏనాడూ ఇంట్లో చేసుకోని మనిషి.

షెఫీల్డ్ నర్స్:
బాబాయ్ గారూ, ఆ మాటకు దండం. కానీ ఒక్కటి. అడిగే హక్కు మాత్రమే ఉంటే, వినకపోతే ఏం చేస్తారు? రోథర్‌హామ్‌లో అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. యువజన కార్యకర్తలు నివేదికలు రాశారు, వాటిని పక్కన పెట్టేశారు. అడిగినదానికి ఇన్ని రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే పైన స్వతంత్ర ఫిర్యాదుల అథారిటీకి అదే వెళ్లిపోవాలి. పళ్లు లేకుండా పెడితే ఇంకో కమిటీ అవుతుంది.

రిటైర్డ్ ఏఎస్సై, కృష్ణా జిల్లా:
ఒప్పుకున్నాను. ప్రకాశ్ సింగ్ తీర్పులో జిల్లా అథారిటీ ఉన్నదే అందుకు.

కొత్త సభ్యుడు, లెస్టర్ విద్యార్థి:
అన్నా, నేను ఇక్కడికి మాస్టర్స్‌కి వచ్చాను. మనకు ఇక్కడ ఓటు ఉంటుందా అసలు? 2028 లోపు కమిషనర్ ఎన్నిక మళ్లీ ఉందా?

పల్నాటి బిడ్డ:
ఉంటుంది తమ్ముడూ. భారతదేశం కామన్వెల్త్‌లో ఉంది కాబట్టి, చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ నివాసం ఉంటున్న 18 ఏళ్లు నిండిన భారతీయులు ఓటర్ల జాబితాలో చేరొచ్చు. చాలామంది మనవాళ్లకు ఇది తెలియదు. ఆన్‌లైన్‌లో నమోదు చేసుకో, కొద్ది నిమిషాల పని. ఇంగ్లండ్‌లో పోలింగ్‌కి ఫొటో గుర్తింపు కావాలి, మన పాస్‌పోర్ట్ చెల్లుతుంది.

కమిషనర్లకు సాధారణ ఎన్నిక ఇక లేదు, ఇప్పుడున్నవాళ్లు 2028 మే దాకా ఉంటారు. ఆ తర్వాత మేయర్ ఉన్నచోట అధికారాలు మేయర్‌కి వెళ్తాయి. గ్రేటర్ మాంచెస్టర్‌లో 2017 నుంచే అలా ఉంది. మేయర్ లేనిచోట కౌన్సిల్ నాయకులతో బోర్డులు పెడతామంటున్నారు. 2012కి ముందు పోలీస్ అథారిటీలని ఇలాంటివే ఉండేవి, వాటిలో ఎవరున్నారో జనానికి తెలిసేది కాదు. అందుకే నా పట్టుదల ఒక్కటే. బోర్డు పెట్టినా సరే, చీఫ్ కానిస్టేబుల్‌ని ప్రశ్నించే సమావేశం బహిరంగంగానే జరగాలి, మామూలు జనం పంపిన ప్రశ్నలు చదవాలి. ఈ మాట మా ఎంపీకి, మా కౌన్సిలర్లకు మెయిల్ రాస్తున్నాను. నువ్వుండే చోట ప్యానెల్ సమావేశాల తేదీలు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసి వెళ్లు. మెయిల్ నమూనా కావాలన్నవాళ్లు ఇక్కడే అడగండి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెడతాను.

షెఫీల్డ్ నర్స్:
నాకు పెట్టండి. దించే హక్కు గురించి ఒక పేరా నేను కలుపుతాను.